ఇరవై సెకన్ల సంజాయిషీ

మా కంపెనీకి తొంభై ఏళ్ళు నిండుతున్నాయి కాబట్టి చరిత్ర పుస్తకం ఒకటి వెయ్యాలని పైవాళ్ళు తీర్మానించారు. రాసే పని నాకు వచ్చింది. ఇది గౌరవమని మా అధికారి మొతెగి గారు చెప్పారు. అసలు సంగతి ఏమిటంటే, నేను ఇరవై రెండేళ్ళు టికెట్ గేటు దగ్గర నిలబడ్డాను. గేటుకు యంత్రాలు వచ్చాక నన్ను ఎక్కడ పెట్టాలో వాళ్ళకు తోచలేదు. ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులు దాచే గదిలో ఒక బల్ల వేసి, తలుపు మీద ‘చరిత్ర సంకలన విభాగం’ అని కాగితం అంటించారు. విభాగంలో నేనొక్కదాన్నే. గొడుగులు పదిహేడు వందల చిల్లర.

మా తొగాసె లైను పొడవు పద్నాలుగు కిలోమీటర్లు, స్టేషన్లు పదకొండు. మొదట్లో ఏటి కంకర మోయడానికి వేశారు. కంకర అయిపోయాక మనుషుల్ని మోయడం మొదలుపెట్టారు. యుద్ధం తరవాత కొండలు చదును చేసి ఇళ్ళ మీద ఇళ్ళు కట్టడంతో పొద్దుటి బళ్ళలో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. అప్పట్లో జనాన్ని తలుపుల్లోంచి లోపలికి నెట్టడానికే మా దగ్గర ఎనిమిది మంది ఉద్యోగులుండేవారు. వాళ్ళలో ఒకాయన జ్ఞాపకాలు నాకు రాసి పంపాడు. నాలుగు పేజీలు రాశాడు, నాలుగూ మా కాంటీను కూర గురించే. పాత ఉద్యోగులు పంపిన రెండు వందల ఉత్తరాల్లో నూట ఎనభై కూర గురించే ఉన్నాయి కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేను.

పుస్తకంలో మొదటి అధ్యాయం కంటే ముందే ఒక వాక్యం ఉంటుందని మొతెగి గారు నాకు రాసి ఇచ్చారు. అదే వాక్యం మా పదకొండు స్టేషన్లలోనూ చట్రం కట్టి వేలాడుతుంది: ‘లైను ప్రారంభమైన రెండో రోజు నుంచి నేటి వరకు మా బండి ఏదీ వేళకు ఒక్క సెకను ముందు కదలలేదు.’

మొదటి రోజు సంగతి ఎవరూ అడగరు. ఆ రోజు బ్యాండు మేళం వాళ్ళు పాట ఆపకముందే బండి రెండు నిమిషాలు ముందు కదిలిపోయింది. కంపెనీ పెట్టిన హిరగా గారు రిబ్బను కత్తిరించిన కత్తెర చేతిలో పట్టుకుని ప్లాట్‌ఫారం మీద ఉండిపోయాడు. ఆయన తరవాతి బండికి వెళ్ళాడు. మర్నాటి నుంచి ఆ నియమం వచ్చింది.

బయటివాళ్ళకు ఇది చాదస్తంగా కనిపించవచ్చు. ఆలస్యం మా దగ్గర తప్పే, కానీ మన్నించగల తప్పు. మంచు కురుస్తుంది, గాలివాన వస్తుంది, తలుపులో ఎవరి సంచో ఇరుక్కుంటుంది. ఆలస్యమైన బండి మనల్ని కాచుకోబెడుతుంది, అంతే. ముందు వెళ్ళిపోయిన బండి మనల్ని మోసం చేస్తుంది. వేళకు వచ్చినవాణ్ణి పట్టుకుని ఆలస్యంగా వచ్చావనడం అది.

పుస్తకం అచ్చుకు వెళ్ళడానికి ఆరు రోజులుందనగా ఒక ముసలాయన నా గదికి వచ్చాడు. మూడుసార్లు తలుపు తట్టి, రమ్మన్నాక లోపలికొచ్చి, నడుము దాకా వంగి నమస్కరించాడు. ముదురు నీలం సూటు, టై, చంకలో కాగితాల కవరు. విభాగంలో నేనొక్కదాన్నేనని నమ్మకం కుదరలేదేమో, గొడుగుల వైపు తిరిగి ఇంకోసారి వంగాడు.

“నిరసావా అంటారమ్మా నన్ను. మన లైన్లో నలభై ఏళ్ళు గార్డుగా చేసి రిటైరయ్యాను. పుస్తకంలో ఏదో జాబితా వేస్తున్నారట గదా, ముప్ఫై ఏళ్ళు ఒక్క తప్పూ చెయ్యనివాళ్ళదని?”

“అవునండీ. పద్నాలుగు మంది ఉన్నారు. మీరు తొమ్మిదోవారు.”

“పదమూడు చెయ్యండి.”

కవరులోంచి ఒక కాగితం తీసి రెండు చేతులతో నా ముందు పెట్టాడు. సంజాయిషీ. కంపెనీ పాత నమూనా కాగితం మీద, కలంతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసి ఉంది. తేదీ, పాత చక్రవర్తి కాలపు షోవా శకం యాభై మూడో సంవత్సరం నవంబరు పద్నాలుగు. అంటే ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందటిది.

నేను చదివాను. ఆ రోజు పొద్దున ఇషివరి స్టేషన్లో ఏడూ నలభై రెండు బండిని గార్డు నిరసావా ఇరవై సెకన్లు ముందు కదిలించాడు. కారణం అతని అజాగ్రత్త. ఇకముందు ఇలా జరగదు. అంతే ఉంది.

“ఇప్పుడు తెచ్చారేమిటండీ?” అన్నాను.

“అప్పుడే రాశాను. ఆ సాయంత్రమే మా ఇన్‌స్పెక్టరు గారి బల్ల దాకా పట్టుకెళ్ళాను. ఆయన నా ప్రమోషను కాగితాలు రాస్తున్నారు. ‘ఏం నిరసావా, ఏమన్నా పనా?’ అన్నారు. ‘ఏం లేదండీ, వర్షం వచ్చేలా ఉంది’ అన్నాను.”

“తరవాత?”

“వర్షం రాలేదు.”

కుర్చీ చూపించాను. అంచు మీద కూర్చున్నాడు. అసలు ఎలా జరిగిందని అడిగాను, ఎందుకంటే మా లైన్లో ముందు కదలడం అంత తేలిక కాదు. తలుపులు మూసే ముందు గార్డు జేబు గడియారం తీసి, ముల్లు మీదికి వేలు చూపించి, ‘టైము సరి’ అని పైకి అనాలి. సిగ్నలుకు వేలు చూపించి ‘సిగ్నలు సరి’ అనాలి. చూసినదాన్ని వేలితో చూపి, నోటితో చెబితే పొరపాటు జరగదని మా నమ్మకం. చాలావరకు నిజమే.

“వేలు ముల్లు మీదే ఉందమ్మా. కన్నూ దాని మీదే ఉంది. నోరు ముందు వెళ్ళిపోయింది,” అన్నాడు నిరసావా గారు. “పద్దెనిమిదేళ్ళు రోజుకు రెండు వందలసార్లు అన్న మాట. అలవాటు పడిపోయి ఆ రోజు దానంతటది వచ్చేసింది. నోరు ‘సరి’ అన్నాక చెయ్యి తలుపులు మూసేసింది. అప్పుడు చూశాను, సెకన్ల ముల్లు ఇంకా నలభై దగ్గరే ఉంది.”

“తలుపులు మళ్ళీ తెరవచ్చుగా?”

“డ్రైవరుకు గంట కొట్టేశాను. బండి కదిలింది. అప్పుడే ఒకావిడ మెట్లు దిగుతూ వచ్చింది. పాతికేళ్ళుంటాయి. మంచి కోటు వేసుకుంది, ఎక్కడికో ముఖ్యమైన పని మీద వెళ్తున్నట్టుంది. నా కిటికీ ఆవిడ ముందు నుంచి పోతుంటే ఏం చేసిందో తెలుసా?”

“తిట్టిందా?”

“తిట్టినా బాగుండేది. వంగి క్షమాపణ చెప్పింది. నాకు! ఆలస్యంగా వచ్చి ఇబ్బంది పెట్టానన్నట్టు. తరవాత చేతి గడియారం చూసుకుని, తలాడించి, దాన్ని ముందుకు తిప్పుకుంది. ఆవిడ గడియారం సరిగ్గానే ఉందమ్మా. నేను దాన్ని పాడు చేశాను.”

పక్కన గొడుగులేవో జారి పడితే లేచి సర్దాను.

“నాకు డెబ్భై ఏడు,” అన్నాడాయన. “మీ పుస్తకం అచ్చయిందంటే అబద్ధం నా పేరుతో సహా అట్టల మధ్య ఉండిపోతుంది. నేను పోయాక దిద్దేవాళ్ళుండరు. ఈ కాగితం మీద ముద్ర వేయించండి చాలు. జీతంలో కోత పెట్టమనండి, పింఛనులో పెట్టమనండి, నాకేం ఫర్వాలేదు.”

కాగితం పట్టుకుని మొతెగి గారి దగ్గరికి వెళ్ళాను. మొతెగి గారు చెడ్డవాడు కాదు. కాకపోతే పదవీ విరమణకు పద్నాలుగు నెలలుంది, ఈ పద్నాలుగు నెలల్లో ఏమీ జరగకూడదని ఆయన కోరిక. సంజాయిషీ రెండుసార్లు చదివి, వెనక్కి తిప్పి చూసి, బల్ల మీద పెట్టాడు.

“ప్రయాణికులు ఎవరన్నా ఫిర్యాదు చేశారా?”

“లేదండీ.”

“స్టేషను డైరీలో ఉందా?”

“వెతికాను. లేదండీ.”

“అయితే ఇది సంఘటన కాదు ఒగిసో గారూ. జ్ఞాపకం. జ్ఞాపకాలకు అధ్యాయం ఉందిగా మనకు. కాంటీను కూర పక్కన వేసెయ్యండి.”

“ఆయన పేరు జాబితాలోంచి తీసెయ్యమంటున్నాడండీ.”

“తీసేస్తే ఎందుకు తీశామని అడుగుతారు. కారణం చెబితే వాక్యం పోతుంది. పదకొండు స్టేషన్లలో చట్రాలు. నా వల్ల కాదు బాబూ.” మర్యాదకు ఒక దారి చూపించాడు. “ఆ ఎక్కలేకపోయిన మనిషే వచ్చి చెబితే అప్పుడు సంఘటన అవుతుంది, కాదనను. నలభై ఏళ్ళ కిందటి మనిషి ఎక్కడ దొరుకుతుంది లెండి.”

తిరిగొచ్చి ఈ మాట నిరసావా గారికి చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

“దొరుకుతుందమ్మా. ఇషివరి స్టేషను ఎదురుగా టోఫు దుకాణం ఆవిడదే, ఆ వారంలోనే అక్కడ చూసి గుర్తుపట్టాను. కమొషిదా చియొ గారు. రిటైరైన దగ్గర్నుంచీ ప్రతి గురువారం వెళ్తున్నాను.”

“పదిహేడేళ్ళ నుంచా?”

“చెబుదామనే వెళ్తాను. వెళ్ళాక రెండు టోఫులు కొనుక్కుని వచ్చేస్తాను.”

“టోఫు అంటే అంత ఇష్టమా మీకు?”

“నాకు పడదు. మా ఆవిడ తింటుంది. ఆవిడకూ మొహం మొత్తింది.”

గురువారం ఇద్దరం ఇషివరిలో దిగాం. ముసలాయన దారంతా తన అలవాటు మానలేదు. రోడ్డు దాటే ముందు కుడి వైపు వేలు చూపించి ‘కుడి సరి’ అన్నాడు, ఎడమ చూపించి ‘ఎడమ సరి’ అన్నాడు. దుకాణం కనబడగానే వేలు లేచింది కానీ నోరు పెగల్లేదు.

దుకాణం చిన్నది. సిమెంటు నేల తడి తడిగా ఉంది, లోపల పెద్ద తొట్టిలో నీళ్ళ కింద సోయా పాలు విరిచి చేసిన తెల్లటి టోఫు అచ్చులు. రబ్బరు బూట్లు వేసుకున్న ఒకావిడ అరచేతిలో అచ్చు పెట్టుకుని కత్తితో కోస్తోంది. అరవై అయిదు, అరవై ఆరు ఉంటాయి.

“రండి రండి గురువారం గారూ!” అంది. పదిహేడేళ్ళుగా వస్తున్నా ఆయన పేరు చెప్పలేదు కాబట్టి ఆవిడే ఒక పేరు పెట్టుకుంది. “ఇవాళ తోడు కూడా తెచ్చుకున్నారే. కోడలా?”

“కాదండీ, కంపెనీ,” అన్నాడాయన.

“ఏం కంపెనీ?”

“రైలు కంపెనీ. ఆవిడ ఒగిసో గారు. నేను... నేను గార్డునండీ.”

“అయ్యో, నేనింకా బడిపంతులనుకున్నానే! ఇన్నాళ్ళూ చెప్పరేం? సరే, ఎప్పటిలా రెండేనా?”

నిరసావా గారు కవరులోంచి కాగితం తీశాడు. నిటారుగా నిలబడి, ప్లాట్‌ఫారం మీద ప్రకటన చదివినట్టు, తేదీ నుంచి మొదలుపెట్టి సంజాయిషీ మొత్తం చదివాడు. చివర్లో కాగితంలో లేని వాక్యం ఒకటి కలిపాడు. “ఆ బండి ఎక్కలేకపోయింది మీరేనండీ. మీ గడియారం సరిగ్గానే ఉంది.” తరవాత వంగాడు. తల దాదాపు తొట్టి అంచుకు తగిలింది.

చియొ గారు కత్తి పక్కన పెట్టింది. కోపమొస్తుందనో, కన్నీళ్ళొస్తాయనో నేను సిద్ధపడ్డాను. ఆవిడ నవ్వేసింది.

“భలేవారే! ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ఆలస్యమైంది నేనండీ. గ్యాసు కట్టేశానో లేదోనని సగం దూరం వచ్చి మళ్ళీ ఇంటికెళ్ళాను. నాదే తప్పు.”

“కాదండీ, నాది.”

“నాదని చెబుతున్నాగా! బండి ముందు కదలడమేమిటండీ? చోద్యం కాకపోతే.”

“కదిలిందండీ. నేనే కదిలించాను.”

“అంత వయసొచ్చింది మీకు, పాత సంగతులు కలగాపులగం అయిపోతాయి. మా పెదనాన్నకూ అంతే అయింది.”

ఒక తప్పు కోసం ఇద్దరు పెద్దవాళ్ళు ఇలా పెనుగులాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మా ఆఫీసులో పెనుగులాట ఎప్పుడూ తప్పు నాది కాదనే ఉంటుంది. నిరసావా గారు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. ఆవిడ ఒప్పుకోకపోతే ఆ కాగితం జ్ఞాపకంగానే మిగిలిపోతుందని ఆయనకు తెలుసు. నాకూ ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియదు. ఏదో ఒకటి అడగాలని అడిగాను.

“ఆ రోజు ఎక్కడికి వెళ్తున్నారమ్మా?”

చియొ గారు చేతులు తుడుచుకుంది.

“లైబ్రరీలో ఉద్యోగానికి. నగరంలో కొత్తగా కడితే మనుషుల్ని తీసుకుంటున్నారు. పరీక్ష రాశాను, పాసయ్యాను. ఆ రోజు ఇంటర్వ్యూ, ఎనిమిదిన్నరకు. ఏడూ నలభై రెండు ఎక్కితే జంక్షన్లో పెద్ద లైను బండి అందుతుంది, ఎనిమిదీ ఇరవై రెండుకు అక్కడుంటాను. తరవాతి బండికి వెళ్ళాను. ఎనిమిదీ ముప్ఫై నాలుగయింది. గుమ్మంలో కూచున్నాయన గడియారం చూపించాడు. టైము పాటించలేనివాళ్ళు పుస్తకాలేం చూసుకుంటారన్నాడు. నిజమే గదా అనిపించింది.”

“ఇంటికొచ్చేశారా?”

“రాక? ఇంట్లో మా అత్తగారు కూచునుంది. ఆవిడకు నేను ఉద్యోగానికి పోవడం ఇష్టం లేదు, దుకాణంలో పని ఎవరు చేస్తారని. పోట్లాడి వెళ్ళాను. తిరిగొస్తే ఒక్క మాటంది. ‘రైలుకే అందలేనిదానివి, ఉద్యోగానికేం అందుతావే.’ అక్కడితో ఆగిందా? ముప్ఫై ఏళ్ళండీ! సోయా గింజలు నానెయ్యడం పావుగంట ఆలస్యమైతే రైలు. అన్నం పొయ్యి దిగడం ఆలస్యమైతే రైలు. నాకు డాక్టరు చెప్పిన తేదీకి నొప్పులు రాలేదు. మూడు రోజులాగి వస్తే, ఆస్పత్రిలో నర్సులందరి ముందూ, ‘ఇది రైలు తప్పిన పిల్ల లెండి, తొందరపెట్టకండి’ అంది.”

నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. ‘రైలు’ అన్నప్పుడల్లా నిరసావా గారి భుజాలు ఇంకాస్త కిందికి దిగుతున్నాయి.

“అత్తగారు ఇప్పుడు ఎక్కడున్నారమ్మా?”

“లోపలే ఉంది,” అంది. నేను బెదిరి లోపలికి తొంగి చూశాను. వెనక గదిలో పెద్దలకు దీపం పెట్టే బీరువాలో ఒక ఫొటో. సన్నని పెదవులు. “పోయి ఎనిమిదేళ్ళయింది. రోజూ పొద్దున్నే అన్నం పెడతాను. వేళకే పెడతాను.”

ఆ మాట అంటూ ఆవిడ ఆగిపోయింది. ఏదో లెక్క అప్పుడే తగిలినట్టుంది.

“ఎన్ని సెకన్లన్నారు?”

“ఇరవై,” అన్నాడు నిరసావా గారు నేల చూస్తూనే.

చియొ గారు గోడ గడియారం వైపు తిరిగింది. సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి, అక్కణ్ణుంచి చూసింది. ముగ్గురం చూశాం. ఊరికే నిలబడి చూస్తే ఇరవై సెకన్లు చాలా సేపు. ఆ వ్యవధిలో మెట్లు దిగవచ్చు, ప్లాట్‌ఫారం దాటవచ్చు, బండెక్కి, సంచి పైన పెట్టి, కోటు సర్దుకుని కూచోవచ్చు. ఇంకా మిగులుతుంది.

ముల్లు నాలుగు మీదికి వచ్చింది.

“అందేదాన్ని,” అంది.

మా వైపు తిరిగింది.

“గ్యాసు కోసం వెనక్కెళ్ళి కూడా అందేదాన్ని! నేను ఆలస్యంగా వెళ్ళలేదు. వెళ్ళలేదు కదండీ?”

“లేదండీ,” అన్నాడు నిరసావా గారు. “మీరు వేళకే వచ్చారు.”

పక్కనున్న టోఫు అచ్చును తీసి ఆవిడ తొట్టిలోకి విసిరింది. నీళ్ళు నా కాగితాల మీద పడ్డాయి. టోఫు విసరడానికి పనికొచ్చే వస్తువు కాదు, నాలుగు ముక్కలై తేలింది. ఆవిడ రెండు చేతులూ తొట్టి అంచు మీద పెట్టి నిలబడింది. వీపు కదులుతోంది. ఇరవై రెండేళ్ళు గేటు దగ్గర నిలబడి, పరుగెత్తుకొచ్చి బండి అందనివాళ్ళను రోజూ చూశాను. అందరూ తమదే తప్పన్నట్టు ముఖం పెట్టేవాళ్ళు. ఒక్కరి గడియారం కూడా నేను అడిగి చూడలేదు.

కాసేపటికి చియొ గారు ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది.

“నాకు చీటీ కావాలి.”

“ఏం చీటీ అమ్మా?”

“మీ స్టేషన్లో ఇస్తారుగా, ఆలస్యం చీటీ.”

ఇస్తాం. బండి అయిదు నిమిషాలకు మించి ఆలస్యమైతే గేటు దగ్గర వేలెడంత కాగితం ఇస్తాం. ఫలానా రోజు ఇన్ని నిమిషాలు ఆలస్యమైంది, కారణం మేమే, క్షమించండి అని ఉంటుంది. ఉద్యోగులు ఆఫీసులో, పిల్లలు బళ్ళో చూపిస్తారు. అది చూపిస్తే ఇంక ఎవరూ ఒక్క మాట అనరు.

“ఎవరికి చూపిస్తారమ్మా?” అన్నాను. ఆవిడ లోపలి గది వైపు చూసింది. నేను మళ్ళీ అడగలేదు.

సాయంత్రం మొతెగి గారి ముందు నిలబడి మొత్తం చెప్పాను. నిరసావా గారు నా వెనక నిలబడ్డాడు. అచ్చుకు ఒక్క రోజే ఉంది.

“చీటీ కుదరదు ఒగిసో గారూ. మనదగ్గరున్నది ఆలస్యం చీటీ. ఆ బండి ఆలస్యం కాలేదు, ముందెళ్ళింది. ముందెళ్ళిన బండికి చీటీ లేదు.”

“ఎందుకు లేదండీ?”

“ముందెళ్ళే బండి మన దగ్గర లేదుగా.”

నాకు మామూలుగా పైవాళ్ళతో వాదించే అలవాటు లేదు. ఆ రోజు ఎందుకో నోరు ఊరుకోలేదు.

“ఆవిడకు ఆలస్యమైందండీ. ఆవిడ ఏడూ నలభై రెండు బండి కోసం వేళకు వచ్చి నిలబడింది. ఆ బండి ఇంతవరకూ రాలేదు.”

మొతెగి గారు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. చాలాసేపు సంజాయిషీ చూశాడు. తరవాత ఆయన అడిగిన ప్రశ్న నన్ను కాదు.

“నిరసావా గారూ, జాబితాలో మీ పేరుంటే పుస్తకం వచ్చాక సభలో శాలువా కప్పుతారు. తెలుసా?”

“తెలుసండీ.”

“మీ ఇంట్లోవాళ్ళు?”

“మా ఆవిడతో నిన్న చెప్పాను. ఇన్నేళ్ళూ టోఫు ఎందుకు తిన్నానో ఇప్పుడర్థమైంది అంది.”

మొతెగి గారు సొరుగులోంచి తన ముద్ర తీశాడు. సంజాయిషీ కింద మూడు గడులున్నాయి. మా ఆఫీసులో కిందివాళ్ళ ముద్ర పైవాళ్ళ ముద్ర వైపు కాస్త ఒరిగి ఉండాలి, వంగి నమస్కరిస్తున్నట్టు. పైగడిలో వెయ్యాల్సిన ఇన్‌స్పెక్టరు గారు పోయి చాలా కాలమైంది. మొతెగి గారు ఆ ఖాళీ గడి వైపే ఒరిగేలా జాగ్రత్తగా ముద్ర వేశాడు.

“స్వీకరించడమైనది,” అన్నాడు. “పదవీ విరమణకు పద్నాలుగు నెలలుంది నాకు.”

“వాక్యం ఏం చెయ్యమంటారండీ?”

“‘రెండో రోజు నుంచి’ అన్నది తీసెయ్యండి. ‘రెండుసార్లు తప్ప’ అని పెట్టండి. మొదటి రోజుది కూడా కలిపెయ్యండి, ఇంక అదొక్కటీ ఎందుకు.” చట్రాలు మార్చే పని స్టేషను మాస్టర్లకు ఉత్తరం రాసి చెప్పమన్నాడు. పదకొండు ఉత్తరాలూ నేనే రాశాను.

నిరసావా గారు వంగి, లేచి, మళ్ళీ వంగాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళ తరవాత తప్పు చేసినవాడైనందుకు ఆయన ముఖం చూడాల్సింది. నాకు సంతోషంగా అనిపించింది.

చీటీ రాయడం నా పని. తేదీ గడిలో షోవా యాభై మూడు అని రాశాను, నమూనాలో ఆ శకం లేదు కాబట్టి చేత్తోనే. కింద నిమిషాలు వరసగా అచ్చై ఉంటాయి. అయిదు, పది, పదిహేను, ఇరవై, ముప్ఫై, అలా చివరికి ‘అరవై, ఆపైన’. ఎన్ని నిమిషాలైతే ఆ అంకె మీద చిల్లు కొడతాం. తరవాతి బండి పన్నెండు నిమిషాలకు వచ్చింది కాబట్టి పది మీద కొట్టాలి. గేటు రోజుల నాటి చిల్లుపట్టకారు తీసి నిరసావా గారికి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, అంకెలన్నీ చదివి, చివరిదాని మీద చిల్లు కొట్టాడు. నేను చీటీని కవరులో పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం ఇషివరి వెళ్ళాం. శుక్రవారం నిరసావా గారిని చూసి చియొ గారు మొదట తికమకపడింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, చీటీని రెండు చేతులతో అందుకుని, దీపానికి దగ్గరగా పట్టుకుని చదివింది. కంపెనీ ముద్ర మీద బొటనవేలు పెట్టి చూసింది.

తరవాత లోపలికి వెళ్ళింది. మేం గుమ్మం దగ్గరే ఉన్నాం. బీరువా ముందు మోకాళ్ళ మీద కూచుని, చిన్న గంట మోగించి, అన్నం గిన్నె పక్కకు జరిపి, చీటీని ఫొటోకు ఆనించి నిలబెట్టింది. ఫొటోలో అత్తగారికి అక్షరాలు కనబడాలని కాబోలు, కాస్త పైకి తిప్పింది.

“అత్తయ్యా,” అంది. “చూడండి. రైలుదే తప్పట. వాళ్ళే రాసిచ్చారు.”

చీటీ జారితే మళ్ళీ నిలబెట్టింది.

“నేను వేళకే వెళ్ళాను అత్తయ్యా. మీరు వినాల్సింది.”

తరవాత ఏడ్చింది. చిన్నపిల్లలు ఏడ్చినట్టు, ఆపుకోవాలని చూడకుండా. నిరసావా గారు గుమ్మంలోనే, ఆ తడి సిమెంటు నేల మీద, సూటుతో మోకాళ్ళ మీద కూచుని తల నేలకు ఆనించాడు. నేను లేవదీయబోతే రాలేదు. లోపల ఏడుపు ఆగేదాకా అలాగే ఉన్నాడు.

చియొ గారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది. ఏం అంటుందోనని నాకు భయం వేసింది.

“లెండి గురువారం గారూ, బట్టలన్నీ తడిసిపోతున్నాయి,” అంది. ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. గోడ గడియారం చూసింది. “మీకు మూడూ పదహారు బండి ఉంది. పరుగెత్తక్కర్లేదు. నడిచి వెళ్ళినా అందుతుంది.”

మేం నడిచే వెళ్ళాం. బండి మూడూ పదహారుకు కదిలింది.